గ్యాస్‌తో నడిచే డీజిల్ లారీ: కాంటా దగ్గర ఒక లెక్క, హైవే మీద ఇంకో లెక్క

వార్ధా నదికి ఒక ఒడ్డున రాజురా, ఇంకో ఒడ్డున బల్లార్‌పూర్. రెండు వైపులా బొగ్గు బాయిలు, చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీలు, రాత్రీ పగలూ తిరిగే టిప్పర్లు. ఇప్పుడు మహారాష్ట్రలో ఉన్న రాజురా 1956కు ముందు ఆదిలాబాద్ జిల్లాలోది. ఇక్కడి లారీ ఓనర్లలో, డ్రైవర్లలో, మెకానిక్కుల్లో తెలుగు మాట్లాడేవాళ్లకు కొదవ లేదు. డీజిల్ రేటు పెరిగినప్పుడల్లా వీళ్ల మధ్య ఒక ప్రశ్న తిరుగుతుంటుంది: ఆటోలకు పెట్టినట్టు మన బండికీ సీఎన్‌జీ (ఒత్తిడితో సిలిండర్‌లో నింపిన సహజవాయువు) పెట్టించుకోవచ్చా?

పెట్టించుకోవచ్చు. కానీ డీజిల్ పూర్తిగా మానేయడం కుదరదు. కొంత డీజిల్, కొంత గ్యాస్ కలిపి నడపాలి. ఎందుకంటే పెట్రోల్ ఇంజన్‌లో స్పార్క్ ప్లగ్ ఉంటుంది, డీజిల్ ఇంజన్‌లో ఉండదు. డీజిల్ ఇంజన్ ముందు ఉత్త గాలిని పీల్చుకుని 16 నుంచి 18 వంతుల్లో ఒక వంతు చోటులోకి నొక్కుతుంది. అలా నొక్కిన గాలి 500 డిగ్రీలు దాటి వేడెక్కుతుంది. సరిగ్గా ఆ క్షణంలో నాజిల్ నుంచి డీజిల్ తుంపరగా పడుతుంది. డీజిల్ దాదాపు 210 నుంచి 250 డిగ్రీల దగ్గరే తనంతట తాను అంటుకుంటుంది కాబట్టి వేరే నిప్పు అక్కర్లేదు. సహజవాయువులో ప్రధానంగా ఉండేది మీథేన్. దానికి అలా అంటుకోవాలంటే 540 డిగ్రీలైనా కావాలి, అదీ అంటుకోవడానికి కాస్త టైం తీసుకుంటుంది. ఇంజన్‌లో దొరికే టైం సెకనులో వందల వంతుల్లోనే. అందుకే గ్యాస్‌ను గాలితో పాటు లోపలికి పంపి, దాన్ని అంటించే పని డీజిల్‌కు అప్పగిస్తారు. తడి కట్టెల పొయ్యి అంటించడానికి కర్పూరం బిళ్ల ఎలాగో ఇక్కడ డీజిల్ అలాగ. ఇది కొత్త ఊహేం కాదు. ఇంజన్‌కు తన పేరిచ్చిన రుడాల్ఫ్ డీజిల్ ఈ పద్ధతి మీద 1901లోనే అమెరికాలో పేటెంట్ తీసుకున్నాడు.

పాత ఇంజన్లలో ఈ సర్దుబాటు ఎలా జరుగుతుందో చూస్తే ముచ్చటేస్తుంది. ఎయిర్ ఫిల్టర్ తర్వాత గొట్టంలో మిక్సర్ పెట్టి గ్యాస్ వదులుతారు. దాని బలం తోడై ఇంజన్ స్పీడు పెరగబోతుంది. డీజిల్ పంపులో స్పీడును అదుపు చేసే గవర్నర్ అనే భాగం దాన్ని పసిగట్టి డీజిల్‌ను తగ్గిస్తుంది. ఎవరూ చెప్పకుండానే డీజిల్ వాడకం పడిపోతుంది. కొత్త కిట్లలో ఈ పనంతా కంప్యూటర్ బాక్సు చూసుకుంటుంది. ఇంజన్‌లోని ఒక్కో సిలిండర్‌కు ఎంత గ్యాస్ పోవాలో, ఎంత డీజిల్ కోయాలో అదే లెక్కగడుతుంది. గ్యాస్ అయిపోతే బండి మామూలు డీజిల్ బండిలాగే నడుస్తుంది. గ్యాస్ బంకులు దూరందూరంగా ఉండే మన లాంటి చోట ఇది చిన్న సౌకర్యం కాదు.

కిట్ అమ్మేవాళ్లు 30 శాతం డీజిల్ మిగులుతుందని, 50 శాతం మిగులుతుందని ఒకే అంకె చెబుతారు. బండి ఏ పనిలో ఉన్నా ఆ అంకె అలాగే ఉంటుందన్నట్టు చెప్పడం దగ్గరే నాకు పేచీ. ఎందుకో అర్థం కావాలంటే ఒక్కసారి బాయిలోకి దిగాలి.

మీథేన్ బొగ్గు కార్మికులకు కొత్తది కాదు. బొగ్గు పొరల్లోంచి ఊరే గ్యాస్ అదే. గాలి కంటే తేలిక కాబట్టి పైకప్పు దగ్గర చేరుతుంది. అందుకే బాయిలో భద్రత చూసే మైనింగ్ సర్దార్ షిఫ్ట్ మొదట్లో మీథేన్‌ను కొలిచే మీథనోమీటర్‌ను కప్పు దాకా ఎత్తి పట్టుకుని చూస్తాడు. గాలిలో మీథేన్ 5 శాతం నుంచి 15 శాతం మధ్య ఉంటే నిప్పు రవ్వ తగిలితే చాలు, పేలుతుంది. 5 కంటే తక్కువైతే మంట పాకడానికి గ్యాస్ చాలదు, 15 దాటితే గాలి చాలదు. ఆ 5 దాకా రానివ్వకూడదనే 1.25 శాతం దగ్గరే కరెంటు ఆపేసి మనుషుల్ని బయటికి పంపాలన్న నిబంధన పెట్టారు.

ఇప్పుడు అదే అంకెను లారీ ఇంజన్‌కు పెట్టి చూద్దాం. గాలీ మీథేనూ ఒకదానికొకటి సరిగ్గా సరిపోయే పాళ్లు సుమారు 9.5 శాతం. డీజిల్ ఇంజన్ ఎప్పుడూ అవసరానికి మించే గాలి పీలుస్తుంది. నిండు లోడుతో పోయేటప్పుడు కూడా దాదాపు ఒకటిన్నర రెట్లు ఉంటుంది. అప్పుడు పనిలో 40 శాతం గ్యాస్‌తో జరిగేలా చూస్తే, ఇంజన్ సిలిండర్‌లో మీథేన్ రెండున్నర శాతమే. బాయిలో ఐతే ఇంత పలచటి గ్యాస్ మంట పాకనివ్వదు. ఇంజన్‌లో గాలి బాగా వేడెక్కి ఉంటుంది, డీజిల్ తుంపర ఒకేసారి చాలాచోట్ల అంటుకుంటుంది, అందుకే చాలావరకు కాలుతుంది. బండి ఆగి ఇంజన్ ఊరికే తిరుగుతున్నప్పుడు, అంటే ఐడ్లింగ్‌లో, సంగతి వేరు. పీల్చే గాలి దాదాపు అంతే, కాల్చే ఇంధనం మాత్రం చాలా తక్కువ. అప్పుడు కూడా గ్యాస్ వదిలితే మీథేన్ అర శాతం చుట్టూ ఉంటుంది. డీజిల్ తుంపర తగిలిన చోట కాలుతుంది, మిగతాది కాలకుండానే సైలెన్సర్ దారి పడుతుంది. పిస్టన్‌కూ లైనర్‌కూ (ఇంజన్ సిలిండర్ లోపలి గోడకూ) మధ్య సందుల్లో దూరిన గ్యాస్ సంగతీ అంతే. మిక్సర్ రకం కిట్లలో ఇంకో నష్టం కూడా ఉంది. లోపలికి పీల్చే వాల్వు, పొగ వదిలే వాల్వు కాసేపు రెండూ తెరిచే ఉంటాయి. ఆ సందులో కొంత గ్యాస్ ఇటు నుంచి వచ్చి అటు నుంచి పోతుంది.

ఓపెన్‌కాస్ట్ బొగ్గు తోలే టిప్పర్ రోజు ఎలా గడుస్తుందో ఈ ప్రాంతంలో ఉండేవాళ్లకు చెప్పక్కర్లేదు. లోడింగ్ దగ్గర లైను, కాంటా దగ్గర లైను, రైల్వే సైడింగ్‌లో మళ్లీ లైను. ముందు బండి కదిలితే పది అడుగులు జరగడం, మళ్లీ న్యూట్రల్. సెల్ఫ్ సతాయిస్తుందనో, ఏసీ కోసమో ఇంజన్ ఆపరు. అలాంటి బండికి గ్యాస్ పెడితే లైన్లో ఉన్నంతసేపు మిగిలేది ఏమీ ఉండదు. మంచి కిట్ ఐతే ఐడ్లింగ్‌లో గ్యాస్ ఆపేస్తుంది, అంటే పొదుపు సున్నా. నాసిరకం కిట్ ఐతే ఆపదు, కొన్న గ్యాస్ గాల్లో కలుస్తుంది.

అలా గాల్లో కలిసే మీథేన్ వల్ల ఓనర్ జేబుకే కాదు, వాతావరణానికీ చేటే. వందేళ్ల లెక్కలో మీథేన్ బరువుకు బరువు కార్బన్ డయాక్సైడ్ కంటే దాదాపు 28 రెట్లు భూమిని వేడెక్కిస్తుంది. ఇక్కడ ఒక చిన్న లెక్క వేసుకోవచ్చు. కిలో మీథేన్ కాలితే వచ్చే కార్బన్ డయాక్సైడ్ 2.75 కిలోలు. అంతే వేడి డీజిల్ నుంచి తీసుకుంటే సుమారు 3.7 కిలోలు వస్తుంది. అంటే కిలో గ్యాస్ మీద లాభం దాదాపు 0.95 కిలోలు. ఇంజన్‌కు ఇచ్చిన 100 కిలోల గ్యాస్‌లో 3, 4 కిలోలు కాలకుండా తప్పించుకుంటే చాలు, ఆ లాభం మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది. ఇరవై ఏళ్ల లెక్కలో మీథేన్ ప్రభావం 80 రెట్ల పైన ఉంటుంది. అలా చూస్తే కిలోంబావు పోయినా చాలు. గ్యాస్ బండి అనగానే పర్యావరణానికి మంచిదని బోర్డు రాసేసే ముందు ఆ సైలెన్సర్‌లోంచి ఏం పోతోందో చూడాలి. నల్లపొగ తగ్గుతుంది, అది నిజం, ఊళ్ల మధ్య నుంచి లారీలు పోయే చోట అది పెద్ద మేలు కూడా. మీథేన్‌కు మాత్రం రంగూ లేదు, వాసనా లేదు. మనకు తెలిసే గ్యాస్ వాసన కంపెనీ వాళ్లు కలిపే మందుది.

గడ్‌చాందూర్ వైపు నుంచి సిమెంటు ఎత్తుకుని హైదరాబాద్ దారి పట్టే లారీకి ఈ లెక్క తిరగబడుతుంది. గంటల తరబడి ఒకే తీరున, ఒక మోస్తరు లోడు మీద ఇంజన్ తిరుగుతుంది. రెండు ఇంధనాల పద్ధతికి ఇంతకంటే మంచి పరిస్థితి ఉండదు. లీటరుకు 4 కిలోమీటర్లు ఇచ్చే లారీ 400 కిలోమీటర్లు పోవడానికి 100 లీటర్లు తాగుతుందనుకుందాం. అందులో 40 లీటర్ల పని గ్యాస్ చేయాలి. కిలో గ్యాస్‌లో దాదాపు 1.3 లీటర్ల డీజిల్‌కు సరిపడా శక్తి ఉంటుంది, అంటే 30 కిలోల గ్యాస్ కావాలి. 60 లీటర్ల సిలిండర్‌లో 200 బార్ ఒత్తిడితో నింపితే 9, 10 కిలోలు పడుతుంది. మూడు సిలిండర్లు, ఉక్కువైతే ఖాళీగానే ఒక్కోటి 50 కిలోల పైమాటే. ఆ బరువు లోడులోంచి తీసేయాలి. ఇంతా పోను ఏం మిగులుతుందో ఆ రోజు డీజిల్ రేటు, గ్యాస్ రేటు పక్కపక్కన పెట్టుకుని ఎవరికి వాళ్లు చూసుకోవచ్చు. నా అంచనాలో నెలంతా హైవే మీదుండే లారీకి ఇది దండగ కాదు.

"అన్నా, గ్యాస్ పెడితే ఇంజన్ కాలిపోతదంట గదా, నిజమేనా?" అని మెకానిక్ షెడ్‌లో ఓ డ్రైవర్ అడిగాడు. ఆ భయం ఉట్టిదేం కాదు. నిండు లోడుతో ఘాటు ఎక్కేటప్పుడు గ్యాస్ మరీ ఎక్కువ వదిలితే, డీజిల్ మంట చేరకముందే ఓ మూల ఉన్న గ్యాస్ వేడికి తనంతట తాను భగ్గుమంటుంది. ఆ దెబ్బ పిస్టన్ మీద పడుతుంది. డ్రైవర్‌కు టకటకమని నాకింగ్ వినిపిస్తుంది. ఎండాకాలంలో 45 డిగ్రీలు దాటే చంద్రపూర్ లాంటి చోట ఇంజన్ పీల్చే గాలే వేడిగా ఉంటుంది కాబట్టి ఈ ముప్పు ఇంకా ఎక్కువ. నాజిల్ సంగతి కూడా ఉంది. దాని కొనను చల్లబరిచేది దానిగుండా పారే డీజిలే. పొదుపు చేస్తున్నామని డీజిల్‌ను మరీ పిండేస్తే నాజిల్ కొన మాడుతుంది. అందుకే పొగ వేడిని కొలిచే సెన్సర్ ఉండి, హద్దు దాటగానే గ్యాస్ కోసే కిట్ కావాలి. అది లేని కిట్ ఎంత చవకగా వచ్చినా వద్దు.

పెద్ద సంస్థలు కూడా ఈ దారిలోకి వచ్చాయి. కోల్ ఇండియా 2021లో గ్యాస్ సంస్థ గెయిల్, డంపర్లు తయారుచేసే బీఈఎంఎల్‌లతో కలిసి ఒడిశాలోని మహానది కోల్‌ఫీల్డ్స్‌లో 100 టన్నుల డంపర్లు రెండింటికి ఎల్‌ఎన్‌జీ కిట్లు బిగించే ప్రయోగం ప్రకటించింది. డీజిల్‌లో 30 నుంచి 40 శాతం గ్యాస్‌తో భర్తీ అవుతుందని అప్పట్లో అంచనా వేశారు. ఏడాదికి 4 లక్షల కిలోలీటర్ల పైన డీజిల్ తాగే సంస్థకు అది చిన్న మొత్తం కాదు. ఎల్‌ఎన్‌జీ అంటే మైనస్ 162 డిగ్రీలకు చల్లబరిచి ద్రవంగా మార్చిన గ్యాస్. 600 వంతుల చోటు ఒక్క వంతుకు కుంచించుకుపోతుంది. బరువైన ఉక్కు సిలిండర్లు అక్కర్లేదు. నాగ్‌పూర్‌లో 2021 జులైలో ఎల్‌ఎన్‌జీ స్టేషన్ మొదలైంది. అదే ఏడాది ఫిబ్రవరిలో కేంద్రమంత్రి నితిన్ గడ్కరీ డీజిల్ నుంచి సీఎన్‌జీకి మార్చిన ట్రాక్టర్‌ను విడుదల చేశారు. గ్యాస్ మీదే నడవాలంటే డీజిల్ ఇంజన్‌కు స్పార్క్ ప్లగ్ పెట్టాలి, నొక్కుడు తగ్గించాలి. ఒకసారి అలా మారిస్తే తిరిగి డీజిల్‌కు రావడం ఉండదు.

చట్టం విషయం క్లుప్తంగా: ప్రభుత్వం గుర్తించిన టెస్టింగ్ సంస్థ ఆమోదించిన కిట్టే పెట్టాలి, ఆర్‌సీలో ఇంధనం మార్పు ఎక్కించుకోవాలి. గ్యాస్ సిలిండర్‌కు మూడేళ్లకోసారి హైడ్రో టెస్ట్ (నీటి ఒత్తిడితో చేసే పరీక్ష) తప్పనిసరి. బీఎస్6 (కొత్త పొగ ప్రమాణాల) బండ్లలో పొగను శుభ్రం చేసే సామగ్రి, సెన్సర్లు ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి కాబట్టి వాటి జోలికి వెళ్లకపోవడమే మేలు.

డీజిల్ బండికి చేసే పొల్యూషన్ టెస్ట్‌లో కొలిచేది పొగ నలుపునే. గ్యాస్ పెట్టిన లారీ ఆ టెస్ట్ ఇట్టే పాసైపోతుంది, కాలని మీథేన్ ఆ మెషీన్‌కు అస్సలు కనపడదు. రెండు ఇంధనాల లారీలకు టెస్ట్ సెంటర్లలోనే మీథేన్ కొలిచే ఏర్పాటు ఉండాలి, ఐడ్లింగ్‌లో గ్యాస్ ఆగుతోందో లేదో అక్కడే చూడాలి. అది వచ్చేదాకా టిప్పర్ ఓనర్లు కిట్ కొనేముందు ఓ వారం రోజులు డ్రైవర్ చేత రాయించి చూసుకోవాలి: బండి ఎన్ని గంటలు కదిలింది, ఎన్ని గంటలు కాంటా లైన్లో నిలబడింది. లైన్లో గంటలే ఎక్కువగా తేలితే ఆ డబ్బు కిట్ మీద పెట్టకుండా, మంచి బ్యాటరీ వేయించి, సెల్ఫ్ బాగు చేయించుకుని, ఆగిన ప్రతిసారీ ఇంజన్ ఆపించడం మీద పెడితే డీజిల్ ఎక్కువ మిగులుతుంది.