పొగ లోపలికి వెళ్లాక జరిగేది

చిరంజీవులకు,

మొన్న మీరు ఒక ప్రశ్న అడిగారు. "సిగరెట్ ఊపిరితిత్తుల్ని పాడుచేస్తుంటే నొప్పి పుట్టాలి కదా తాతయ్యా, తాగేవాళ్లు మామూలుగానే తిరుగుతున్నారేం?" అని. అప్పుడు గబగబా ఏదో చెప్పేశాను. అది సరిపోలేదు, అందుకే ఈ ఉత్తరం.

ఊపిరితిత్తుల లోపలి భాగానికి నొప్పి తెలియదు. నొప్పి తెలిసేది వాటి చుట్టూ ఛాతీ లోపల అంటుకుని ఉన్న పొరకే. అందుకే లోపల ఏళ్ల తరబడి నాశనం జరుగుతున్నా కబురు అందదు. మా అన్నయ్య, అంటే మీ పెదతాతయ్య, 30 ఏళ్లు సిగరెట్లు కాల్చాడు. పొద్దున్నే వచ్చే దగ్గును "సిగరెట్ దగ్గే, పోతుందిలే" అనేవాడు. మెట్లెక్కితే ఆయాసం వచ్చినప్పుడు "వయసు మీద పడుతోంది" అన్నాడు. మేమూ నమ్మాం. ఆ రెండు మాటలూ తప్పేనని చాలా ఆలస్యంగా తెలిసింది.

ఆ దగ్గు సంగతి ముందు చెబుతాను. గాలి వెళ్లే గొట్టాల లోపలి కణాల మీద సన్నని వెంట్రుకల్లాంటివి ఉంటాయి. మీ సైన్సు పుస్తకంలో శైలికలు అంటారే, అవే. గాలికి పైరు ఊగినట్టు, సెకనుకు 10 సార్లకు పైగా ఊగుతూ దుమ్మునీ సూక్ష్మజీవుల్నీ పట్టుకున్న జిగట పొరను గొంతు వైపు నెడుతుంటాయి. మనకు తెలియకుండానే దాన్ని మింగేస్తుంటాం. సిగరెట్ పొగలో 7,000కు పైగా రసాయనాలు ఉంటాయి. వాటిలో అక్రోలిన్, హైడ్రోజన్ సయనైడ్ లాంటివి శైలికల్ని మందగింపజేసి, చివరికి రాలగొడతాయి. అదే సమయంలో తెమడ తయారుచేసే కణాలు పెరుగుతాయి. తెమడ ఎక్కువైంది, నెట్టేవి లేవు. ఇక దగ్గడమే దిక్కు. నిలిచిపోయిన తెమడలో సూక్ష్మజీవులు కాపురం పెడతాయి. పొగ కణాల డీఎన్‌ఏను కూడా దెబ్బతీస్తుంది, క్యాన్సర్ మొదలయ్యేది అక్కడే. దాని గురించి ఇంకో ఉత్తరంలో రాస్తాను.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇంకా లోపల జరిగేది. గొట్టాల చివర్లలో 30 కోట్లకు పైగా చిన్న చిన్న గాలి గదులు ఉంటాయి. వాటి గోడల్లో ఎలాస్టిన్ అనే సాగే ప్రొటీన్ ఉంటుంది. పీల్చినప్పుడు సాగుతుంది, వదిలినప్పుడు ముడుచుకుని గాలిని బయటికి పంపుతుంది. పొగ చేరగానే అక్కడి కాపలా కణాలు దాన్ని మింగి, సాయానికి తెల్ల రక్తకణాల్ని పిలుస్తాయి. అవి ఎలాస్టేజ్ అనే ఎంజైమును వదులుతాయి. అది ఎలాస్టిన్‌నే కోసేస్తుంది! మామూలుగా అయితే కాలేయంలో తయారయ్యే ఆల్ఫా-1 యాంటీట్రిప్సిన్ అనే ప్రొటీన్ దానికి అడ్డుపడుతుంది. కానీ పొగలోని ఆక్సీకరణ గుణం ఆ అడ్డునూ పనికిరాకుండా చేస్తుంది. అంటే మనల్ని కాపాడాల్సిన కణాలే మన గోడల్ని కూల్చేస్తాయి. 1963లో స్వీడన్‌లో లారెల్, ఎరిక్సన్ అనే ఇద్దరు ఈ ప్రొటీన్ లోపించిన మనుషుల్ని గుర్తించారు. వాళ్లలో కొందరికి ఊపిరితిత్తులు ఇలాగే దెబ్బతిని ఉన్నాయి. ఈ అడ్డు ఎంత అవసరమో అలా బయటపడింది.

గోడలు కూలితే చిన్న గదులు కలిసిపోయి పెద్ద ఖాళీలవుతాయి. దీన్ని ఎంఫిసీమా అంటారు. ఆక్సిజన్ రక్తంలోకి దాటే చోటు తగ్గుతుంది, సాగే గుణం పోయి గాలి లోపలే ఇరుక్కుంటుంది. ఇదీ, గొట్టాల వాపూ కలిసిన జబ్బే సీఓపీడీ. ఒకసారి గుండెల నిండా గాలి పీల్చండి. కొంచెం మాత్రమే వదిలి, మళ్లీ పీల్చండి. అలా రెండు మూడుసార్లు చాలు, ఆపేయండి. పీల్చడానికి చోటే లేనట్టు అనిపించిందా? అన్నయ్యకు నడిస్తే అలా ఉండేది. రాత్రిళ్లు దిండ్లు పెట్టుకుని కూర్చునే నిద్రపోయేవాడు.

సిగరెట్ తాగిన ప్రతి ఒక్కరికీ సీఓపీడీ రాదు. తాగనివాళ్లకూ వంట పొగ వల్ల, దుమ్ములో పని వల్ల వస్తుంది. కానీ ఎవరికి వస్తుందో ముందుగా కచ్చితంగా చెప్పే దారి లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021లో ఈ జబ్బుతో సుమారు 35 లక్షల మంది చనిపోయారు.

కూలిన గదులు తిరిగి లేవవు. శైలికలు మాత్రం మళ్లీ మొలుస్తాయి. అన్నయ్య సిగరెట్ మానేసిన కొత్తలో దగ్గు తగ్గకపోగా పెరిగింది. "మానకముందే బాగున్నాను" అని విసుక్కుని మళ్లీ ముట్టించబోయాడు. లోపల శుభ్రం చేసే పని మళ్లీ మొదలైనందుకే ఆ దగ్గు అని డాక్టరుగారు నచ్చజెప్పారు. కొన్ని వారాలకు తగ్గింది. మెట్ల మధ్యలో ఒకసారి ఆగి ఊపిరి తీసుకోవడం మాత్రం పోలేదు. కానీ ఆ తర్వాత తొమ్మిదేళ్లు బతికాడు, ఆగాల్సింది ఆ ఒక్క చోటే.

మీ
తాతయ్య