హెచ్‌ఆర్ ఎవరి మనిషి?

మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల్లో ఉద్యోగం పోవడం చప్పుడు లేకుండా జరిగిపోతుంది. ముందు చిన్న గదిలోకి పిలుపు వస్తుంది. లోపల మేనేజరు తల వంచుకుని కూర్చుంటాడు, మాట్లాడేది పక్కనున్న హెచ్‌ఆర్, అంటే మానవ వనరుల అధికారి. "మీరే రాజీనామా ఇచ్చేయండి, రికార్డు శుభ్రంగా ఉంటుంది, రిలీవింగ్ లెటర్‌కు ఇబ్బంది ఉండదు." సాయంత్రానికి ల్యాప్‌టాప్, ఐడీ కార్డు అప్పగించేస్తారు. కాగితం మీద అది తొలగింపు కాదు. కార్మికుడిని తీసేస్తే నెల ముందు నోటీసు ఇవ్వాలని, పనిచేసిన ప్రతి ఏడాదికీ 15 రోజుల వేతనం చొప్పున పరిహారం కట్టాలని 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం చెప్పింది. రాజీనామాకు అవేవీ వర్తించవు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగి ఆ చట్టం దృష్టిలో కార్మికుడా కాదా అన్న తగవు ఎలాగూ ఉంది. రాజీనామా పుచ్చుకుంటే అక్కడిదాకా వెళ్లే పని కూడా తప్పుతుంది.

ఈ మాటలు చెబుతున్న వ్యక్తి కూర్చున్న కుర్చీని మన దేశంలో మొదట వేయమన్నది సరిగ్గా ఇందుకు వ్యతిరేకమైన పనికి.

1920లలో బొంబాయి మిల్లులో పని కావాలంటే యజమాని గుమ్మం తొక్కితే లాభం లేదు. మేస్త్రీని పట్టుకోవాలి. అక్కడ అతన్ని ముకద్దం అనేవారు. పనిలో పెట్టుకునేది, సెలవు ఇచ్చేది, తీసేసేది అతనే. చేరేటప్పుడు మామూలు, చేరాక కూడా మామూలు. తెలంగాణ పల్లెల నుంచి బొంబాయి, షోలాపూర్ మిల్లులకు వలస వెళ్లిన మన పద్మశాలీలకు ఈ వ్యవస్థ బాగా తెలుసు. కార్మికుల స్థితిగతుల మీద 1929లో నియమించిన విట్లీ కమిషన్ 1931లో నివేదిక ఇస్తూ, నియామకాలను మేస్త్రీ చేతుల్లోంచి తప్పించి లేబర్ ఆఫీసరు అనే ప్రత్యేక అధికారికి అప్పగించమంది. లంచం తినే దళారిని పక్కకు నెట్టి కార్మికుడికీ యాజమాన్యానికీ నడుమ నమ్మకంగా నిలిచే మనిషి కావాలన్నది ఉద్దేశం. మన దగ్గర హెచ్‌ఆర్‌కు ఆ లేబర్ ఆఫీసరే మూలపురుషుడు.

స్వాతంత్ర్యం వచ్చాక ఆ కుర్చీకి చట్టబలం దొరికింది. 500 మంది, ఆపైన కార్మికులున్న ప్రతి ఫ్యాక్టరీలోనూ వెల్ఫేర్ ఆఫీసరు ఉండి తీరాలని 1948 ఫ్యాక్టరీల చట్టం 49వ సెక్షను చెప్పింది. చాలా రాష్ట్రాల నిబంధనల్లో ఇంకో ముఖ్యమైన మాట ఉంది: ఈ అధికారి కార్మికుల మీద క్రమశిక్షణ కేసులు నడపకూడదు, యాజమాన్యం తరఫున కార్మికుడికి ఎదురుగా ట్రిబ్యునల్ ముందు నిలబడకూడదు. జీతం ఇచ్చేది కంపెనీయే అయినా, కంపెనీ కర్రగా అతన్ని వాడుకోకుండా కట్టడి చేశారన్నమాట. ఇప్పటి హెచ్‌ఆర్ పాఠ్యపుస్తకాల్లో ఈ ముక్క ఎక్కడో చివర, ఉంటే, ఒక్క పేరాలో ఉంటుంది.

హైదరాబాద్‌లో ఈ కథకు సొంత రుచి ఉంది. నిజాం కాలంలోనే ఆల్విన్, ప్రాగా టూల్స్, వజీర్ సుల్తాన్ పొగాకు కంపెనీ, డీబీఆర్ మిల్లు పుట్టాయి. 1940లలో కవి మఖ్దూం మొహియుద్దీన్, డాక్టర్ రాజ్ బహదూర్ గౌర్ లాంటివాళ్లు కార్మిక సంఘాలు కట్టారు. ఆ తర్వాత ప్రభుత్వ రంగం వచ్చింది: రామచంద్రాపురంలో బీహెచ్‌ఈఎల్, బాలానగర్‌లో ఐడీపీఎల్, హెచ్ఏఎల్, కుషాయిగూడ వైపు ఈసీఐఎల్. టోకెన్ నంబరు, టైమ్ ఆఫీసు, పంచింగ్ కార్డు, ఓవర్‌టైముకు రెట్టింపు కూలి అన్నవి వేల ఇళ్లలో రోజువారీ మాటలయ్యాయి. వెల్ఫేర్ ఆఫీసరు బల్ల మీద క్యాంటీన్ సాంబారు నీళ్లగా ఉందన్న ఫిర్యాదు, క్వార్టర్ కోసం అర్జీ, కూతురి పెళ్లికి పీఎఫ్ సొమ్ము తీసుకునే దరఖాస్తు ఒకదాని మీద ఒకటి పడి ఉండేవి. ఇప్పటివాళ్లకు ఇదంతా చిల్లర పనిగా కనిపించవచ్చు. నా లెక్కలో మాత్రం ఆ వృత్తి తన పేరుకు తగ్గట్టు బతికిన రోజులు అవే.

ఆలోచనలు కూడా ఇక్కడే కొన్ని మొలిచాయి. 1964లో అమెరికన్ మనస్తత్వవేత్త డేవిడ్ మెక్‌క్లెలాండ్ కాకినాడ వ్యాపారులను హైదరాబాద్‌లోని చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థకు రప్పించి, సాధించాలన్న తపనను నేర్పవచ్చా అని పరీక్షించారు. ఇప్పుడు యూసుఫ్‌గూడలో ఉన్న సంస్థే అది. ఉద్యోగుల శిక్షణ క్లాసుల్లో ఈ కాకినాడ ప్రయోగాన్ని నేటికీ చెబుతారు, కాకినాడలో మాత్రం తెలిసినవాళ్లు తక్కువ. 1974–75లో ఉదయ్ పరీక్‌తో కలిసి తెలుగువాడైన టి.వి. రావు ఎల్ అండ్ టీ కంపెనీకి మానవ వనరుల అభివృద్ధి పద్ధతిని రూపొందించారు. పైఅధికారి గుట్టుగా రాసే సీఆర్‌కు (రహస్య నివేదికకు) బదులు ఉద్యోగితో కూర్చుని మాట్లాడే మదింపు కావాలన్నారు. 1985లో కేంద్రం మానవ వనరుల శాఖ పెట్టి పి.వి. నరసింహారావుకు అప్పగించాక ఆ మాట పత్రికల్లో నలిగి అందరికీ అలవాటైపోయింది.

1991 తర్వాత దిశ మారింది. నష్టాల్లో ఉన్న ఫ్యాక్టరీల్లో సిబ్బంది వ్యవహారాలు చూసే పర్సనల్ ఆఫీసరు పని ఒక్కటే: వీఆర్‌ఎస్ (స్వచ్ఛంద విరమణ) ఫారం మీద సంతకం పెట్టించడం. మనిషిని ఒప్పించి పంపేసే విద్యలో ఆ శాఖ ఆరితేరింది అప్పుడే. 1998లో మాదాపూర్‌లో ఐటీ కంపెనీల కోసం సైబర్ టవర్స్ తెరిచేసరికి కొత్త కంపెనీలకు సంఘాలు లేవు, వెల్ఫేర్ ఆఫీసరును పెట్టమనే ఫ్యాక్టరీ చట్టం వర్తించదు, దుకాణాలు-సంస్థల చట్టంలోని పనివేళల నిబంధనల నుంచీ ప్రభుత్వం తర్వాత మినహాయింపు ఇచ్చింది. హెచ్‌ఆర్ అన్న పేరు మిగిలింది, దాన్ని కార్మికుడి వైపు కట్టి ఉంచిన తాడు మాత్రం తెగింది.

విచిత్రం ఏమిటంటే మేస్త్రీ మళ్లీ వచ్చాడు. అమీర్‌పేటలో కోర్సు ముగించిన కుర్రాడికి కన్సల్టెన్సీ ఉద్యోగం ఇప్పిస్తానంటుంది, లేని అనుభవానికి సర్టిఫికెట్ పుట్టిస్తుంది, చేరాక మొదటి జీతాల్లోంచి వాటా గుంజుకుంటుంది. దాన్ని పట్టుకోవడానికి కంపెనీలు బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ అనే ఇంకో అంగడి పెట్టించాయి. విట్లీ కమిషన్ సభ్యులు ఇప్పుడు అమీర్‌పేట మైత్రీవనం దగ్గర దిగితే కొత్తగా నేర్చుకునేది పెద్దగా ఉండదు.

2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన నాలుగు కార్మిక కోడ్‌లు పారిశ్రామిక వివాదాల చట్టం, ఫ్యాక్టరీల చట్టం సహా 29 పాత చట్టాల స్థానం తీసుకున్నాయి. నియామక పత్రం ఇవ్వడం ఇప్పుడు తప్పనిసరి. ఇంకోపక్క, ప్రభుత్వ అనుమతి లేకుండా కార్మికులను తీసేయగల ఫ్యాక్టరీల పరిమితిని 100 మంది నుంచి 300కు పెంచారు. ఐటీ ఉద్యోగికి వెంటనే పనికొచ్చేది వేతనాల కోడ్ 17వ సెక్షను: తీసేసినా, తనంతట తాను రాజీనామా చేసినా, రావలసిన వేతనం రెండు పనిదినాల్లో ఇవ్వాలి. ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంటుకు (చివరి బకాయిల చెల్లింపుకు) 45 రోజులు పడుతుందని చెప్పడం అలవాటైన ఆఫీసుల్లో, ఆ సెక్షను నంబరు తెలిసిన ఉద్యోగి ఆ చిన్న గదిలో సంతకం పెట్టే ముందు అడగదగ్గ మొదటి ప్రశ్న: నా సొమ్ము రెండు పనిదినాల్లో ఇస్తారా?