చందా ఒకరిది, పెత్తనం ఎవరిది? ఇజ్రాయెల్ స్వచ్ఛంద సంస్థలు, ప్రవాస యూదుల విరాళాలు

ఇజ్రాయెల్‌లోని స్వచ్ఛంద సంస్థలన్నీ అమెరికా యూదుల డబ్బుతోనే నడుస్తున్నాయన్న మాట తరచుగా వినిపిస్తుంది. లెక్కలు ఆ మాటను బలపరచవు. జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయం పలు దేశాల్లో జరిపిన తులనాత్మక అధ్యయనం ప్రకారం 1995లో ఇజ్రాయెల్ వ్యవసాయేతర ఉద్యోగాల్లో సుమారు 9 శాతం లాభాపేక్ష లేని సంస్థల్లోనే ఉన్నాయి. విశ్వవిద్యాలయాలు, ఆరోగ్య నిధులు (సభ్యులకు వైద్య బీమా, చికిత్స అందించే సంస్థలు) కూడా ఈ రంగం కిందికే రావడం అందుకు ఒక కారణం. ఆ సంస్థల ఆదాయంలో దాదాపు 64 శాతం ప్రభుత్వం నుంచి, పావు వంతు ఫీజుల నుంచి వచ్చేది. స్వదేశీ, విదేశీ విరాళాలన్నీ కలిపినా పదో వంతుకు మించలేదు. అయినా అక్కడి వివాదాలు ఎక్కువగా ఆ పదో వంతు చుట్టూనే తిరిగాయి, ఎందుకంటే ఆ డబ్బు నెలవారీ జీతాలకన్నా కొత్త పనులు మొదలుపెట్టడానికే ఎక్కువగా ఖర్చయింది, మొదలుపెట్టినవారికే దిశ నిర్ణయించే అవకాశం దక్కింది.

ఈ బంధం ఇజ్రాయెల్ దేశంకన్నా చాలా పాతది. ఒట్టోమన్ల ఏలుబడిలోని పాలస్తీనాలో జెరూసలేం, హెబ్రోన్, సఫెద్, టిబేరియస్ అనే నాలుగు పుణ్యనగరాల్లో నివసించిన యూదుల్లో చాలామంది మత గ్రంథాల అధ్యయనానికే జీవితాన్ని అంకితం చేసినవారు కాగా, వారి పోషణ భారాన్ని ఇతర దేశాల యూదు సమాజాలు మోసేవి. 'హలుక్కా' అని పిలిచే ఈ ఏర్పాటు కోసం దూతలు ఏళ్ల తరబడి దేశదేశాలు తిరిగి చందాలు పోగుచేసేవారు. 18వ శతాబ్దపు పండితుడు హయ్యిమ్ యోసెఫ్ డేవిడ్ అజులాయ్ అలా హెబ్రోన్ తరఫున ఐరోపా అంతా తిరిగి, ఆ ప్రయాణాలను దినచర్యగా రాసి పెట్టాడు. 19వ శతాబ్దంలో తూర్పు ఐరోపా నుంచి వలసలు పెరిగాక, ఏ దేశం నుంచి వచ్చినవారు ఆ దేశపు చందాను తమలో తామే పంచుకునే 'కోలెల్'లుగా విడిపోయారు. దాంతో సంపన్న దేశాల కోలెల్‌లో ఉన్నవారికి ఎక్కువ, పేద దేశాల వారికి తక్కువ అందడం, పంపకాలపై తగవులు రేగడం మామూలైపోయాయి. ఈ పద్ధతి జనాన్ని పనికి దూరం చేస్తోందన్న విమర్శా అప్పుడే మొదలైంది. 1827 నుంచి 1875 వరకు ఏడుసార్లు పాలస్తీనాకు వచ్చిన బ్రిటిష్ యూదు ధనికుడు మోజెస్ మాంటెఫియోరే చందా పంచడంతో సరిపెట్టుకోలేదు. న్యూ ఆర్లీన్స్ వర్తకుడు జూడా టూరో వీలునామాలో వదిలిన సొమ్ముతో 1860లో జెరూసలేం ప్రాకారాల వెలుపల ఇళ్లు కట్టించాడు. వాటి పక్కనే ఆయన అప్పటికే నిలబెట్టిన గాలిమర ఉంది.

దాత అధికారం ఎంత దూరం వెళ్లగలదో చూపింది మాత్రం బారన్ ఎడ్మండ్ డి రోత్‌షీల్డ్ కాలం. 1882లో రిషోన్ లెజియోన్ వంటి కొత్త వ్యవసాయ కాలనీలు అప్పుల్లో మునిగి చేతులెత్తేసినప్పుడు పారిస్‌లోని ఈ బ్యాంకింగ్ కుటుంబీకుడు ఆదుకున్నాడు. డబ్బుతో పాటు తన ఉద్యోగులనూ పంపాడు. ఏ పంట వేయాలో, ఎవరికి ఎంత భత్యం ఇవ్వాలో ఆ ఉద్యోగులే నిర్ణయించేవారు కనుక, స్వేచ్ఛ వెతుక్కుంటూ వచ్చిన రైతులు బారన్ కింద ఒక రకం కూలీలయ్యారు. 1887లో రిషోన్ లెజియోన్ రైతులు నిర్వాహకుడిపై బాహాటంగా తిరగబడ్డారు. 1900లో బారన్ ఈ కాలనీల నిర్వహణను, మరో దాత మారిస్ డి హిర్ష్ 1891లో స్థాపించిన యూదు వలస సంఘానికి అప్పగించాడు. తమ భవిష్యత్తుపై తమకూ మాట ఉండాలని కోరుతూ 1901లో పారిస్ వెళ్లిన ప్రతినిధి బృందంలో రచయిత అహద్ హాఅమ్ ఉన్నాడు. బృందం పెద్దగా ఏమీ సాధించకుండానే తిరిగొచ్చింది. రోత్‌షీల్డ్ డబ్బు లేకపోతే ఆ కాలనీల్లో చాలా భాగం నిలిచేవి కావన్నదీ నిజమే.

ఒక్క ధనికుడి దయ మీద కాకుండా లక్షల మంది చిన్న చందాల మీద నిలిచే సంస్థలు ఈ అనుభవం తర్వాతే బలపడ్డాయి. 1901లో బాసెల్‌లో ఏర్పడిన యూదు జాతీయ నిధి ఇంటింటా నీలం డబ్బీలు పెట్టించి, ఆ చిల్లరతో భూమి కొన్నది. హెన్రియెట్టా జోల్డ్ 1912లో న్యూయార్క్‌లో ప్రారంభించిన హదస్సా మహిళా సంఘం మరుసటి ఏడాదే జెరూసలేంకు ఇద్దరు నర్సులను పంపింది. ఆ చిన్న ప్రయత్నం తర్వాత పెద్ద ఆసుపత్రిగా ఎదిగింది. 1914 ఆగస్టులో, యుద్ధం వల్ల ఐరోపా చందాలు ఆగిపోయి పాలస్తీనా యూదులు ఆకలి అంచున ఉన్న వేళ, ఒట్టోమన్ సామ్రాజ్యంలో అమెరికా రాయబారిగా ఉన్న హెన్రీ మోర్గెంథా 50,000 డాలర్లు పంపమని న్యూయార్క్‌లోని జేకబ్ షిఫ్‌కు తంతి కొట్టాడు. ఆ ఏడాదే పుట్టిన సంయుక్త సహాయ సంఘం 'జాయింట్' పేరుతో ఇప్పటికీ పనిచేస్తోంది.

పెత్తనం ఎవరిదన్న గొడవ సంస్థలతో సమసిపోలేదు. 1920లో ఏర్పడిన కెరెన్ హయెసోద్ నిధిలో విరాళాన్ని, పెట్టుబడిని వేరువేరుగా ఉంచి లెక్కలపై గట్టి అజమాయిషీ పెట్టాలని అమెరికా న్యాయమూర్తి లూయీ బ్రాండీస్ పట్టుబట్టగా, పాలస్తీనాలో యూదులకు స్వదేశం కోరిన జియోనిస్టు ఉద్యమ నాయకత్వం చేతికి స్వేచ్ఛ ఉండాలని ఆ ఉద్యమ నేత చైమ్ వైజ్‌మన్ వాదించాడు. 1921 క్లీవ్‌లాండ్ సమావేశంలో బ్రాండీస్ వర్గం ఓడి పక్కకు తప్పుకుంది. నా దృష్టిలో ఈ రంగం చరిత్రలో దీనికి దక్కాల్సినంత ప్రాముఖ్యం దక్కలేదు, ఎందుకంటే తర్వాతి అర్ధశతాబ్దం దాతలు డబ్బిచ్చి నిర్ణయాలు పాలస్తీనాలోని నాయకత్వానికి వదిలే ఆనవాయితీకి దారి తీసింది ఆ ఓటమే.

1948 ఆరంభంలో, తర్వాత ఇజ్రాయెల్ ప్రధాని అయిన గోల్డా మెయిర్ అమెరికా పర్యటించి సుమారు 5 కోట్ల డాలర్ల నిధులు సమకూర్చినప్పుడు ఆ ఆనవాయితీ పతాక స్థాయిలో ఉంది. దేశం ఏర్పడ్డాక ఇబ్బంది మరో రూపంలో వచ్చింది: విరాళాలిచ్చే అమెరికా యూదులు తమ దేశ విధేయతపై నీడ పడకూడదనుకున్నారు. అమెరికా యూదుల విధేయత అమెరికాకేనని ఒప్పుకుంటూ 1950లో ఇజ్రాయెల్ ప్రధాని బెన్ గురియన్, అమెరికా యూదు నాయకుడు జేకబ్ బ్లౌస్టైన్ కుదుర్చుకున్న అవగాహన ఆ భయానికి సమాధానం. 1963లో అమెరికా సెనేట్‌లో విలియం ఫుల్‌బ్రైట్ నడిపిన విచారణ పన్ను మినహాయింపు పొందిన విరాళాలు యూదు ఏజెన్సీ (ఇజ్రాయెల్‌కు యూదుల వలస, పునరావాసం చూసే సంస్థ) ద్వారా ఎటు తిరుగుతున్నాయో ప్రశ్నించింది. 1971లో ఏజెన్సీని పునర్వ్యవస్థీకరించి పాలక మండలిలో సగం స్థానాలు చందాలు సేకరించే సంస్థలకు ఇచ్చారు.

జాయింట్ దారి వేరు. 1949లో వృద్ధులైన, వికలాంగులైన వలసదారుల కోసం మొదలైన మల్బెన్ అనే వ్యవస్థను నడిపి, తర్వాత దాని బాధ్యతలను క్రమంగా ప్రభుత్వానికి అప్పగించింది. 1969లో వృద్ధుల సేవల కోసం ప్రభుత్వంతో కలిసి ఎషెల్‌ను స్థాపించింది. కొత్త సేవను దాత డబ్బుతో ప్రయత్నించి, నిలిస్తే ప్రభుత్వ బడ్జెట్‌లోకి చేర్చడం ఆ దేశంలో సంక్షేమ సేవలకు ఒక మాదిరి అయింది. మొదట చెప్పిన 64 శాతం, 10 శాతం లెక్క ఇక్కడే అర్థమవుతుంది.

1970ల చివర దాతల్లోనే చీలిక వచ్చింది. ఏకమొత్తంగా సేకరించి ఏజెన్సీకి పంపే పద్ధతితో తృప్తిపడని కొందరు 1979లో శాన్ ఫ్రాన్సిస్కోలో న్యూ ఇజ్రాయెల్ ఫండ్ ప్రారంభించి, పౌరహక్కులు, మహిళా సంఘాలు, అరబ్ పౌరుల సంస్థలకు నేరుగా డబ్బిచ్చారు. మరుసటి ఏడాది వచ్చిన సంఘాల చట్టం 1909 నాటి ఒట్టోమన్ చట్టాన్ని పక్కకు నెట్టడంతో 'అముతా'ల (లాభాపేక్ష లేని సంఘాల) నమోదుకు ఆధునిక చట్రం ఏర్పడింది. అమెరికా పన్ను చట్టం విదేశీ సంస్థకు నేరుగా ఇచ్చే విరాళానికి సాధారణంగా మినహాయింపు ఇవ్వదు గనుక, విశ్వవిద్యాలయం నుంచి పుర సంఘం దాకా ప్రతిదానికీ అమెరికాలో ఒక 'మిత్రమండలి' పుట్టింది. దాత తనకు నచ్చిన ఇజ్రాయెల్‌ను ఎంచుకోవడానికి దారి తెరుచుకుంది. 1988లో, ఆర్థడాక్స్ పద్ధతిలో కాకుండా యూదు మతంలోకి మారినవారిని గుర్తించకూడదన్న 'యూదుడు ఎవరు' చట్ట సవరణ ప్రతిపాదన అమెరికా యూదుల్లో కలకలం రేపి, విరాళాలు ఆపుతామన్న హెచ్చరికల దాకా వెళ్లింది.

ఇప్పటి రాజకీయ తగవు ఈ చీలికకు కొనసాగింపు. 2016 జులైలో చేసిన చట్టం, తమ నిధుల్లో సగానికి పైగా విదేశీ ప్రభుత్వాల నుంచి పొందే సంస్థలు ఆ సంగతిని బహిరంగంగా ప్రకటించాలన్నది. ఐరోపా ప్రభుత్వాల గ్రాంట్లు ఎక్కువగా మానవహక్కుల సంస్థలకు వెళ్తాయి గనుక దెబ్బ వాటికే తగిలింది. ప్రవాస యూదుల ప్రైవేటు నిధులతో నడిచే, వెస్ట్ బ్యాంక్‌లో యూదు ఆవాసాలకు తోడ్పడే సంస్థలకు, రైట్‌వింగ్ సంస్థలకు తగలలేదు. విదేశీ సొమ్ము ప్రభుత్వానిదైనా ప్రైవేటుదైనా ఒకే నియంత్రణ కిందికి తెచ్చే మన ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం)తో పోలిస్తే ఈ తేడా స్పష్టంగా కనిపిస్తుంది. 2012లో ఏర్పడిన కోహెలెట్ విధాన వేదిక కోర్టుల అధికారాలను తగ్గించే 2023 నాటి న్యాయవ్యవస్థ మార్పుల ప్రతిపాదనల వెనుక మేధోబలంగా నిలిచిందన్న ఆరోపణలు రావడంతో, ఆ వేదికకు నిధులిచ్చిన అమెరికా వ్యాపారి ఆర్థర్ డాంట్చిక్ ఆ ఏడాది ఆగస్టులో ఇజ్రాయెల్ మేధో సంస్థలకు ఇక విరాళాలివ్వనని ప్రకటించారు. రెండు నెలలకే హమాస్ దాడి జరిగింది. ఉత్తర అమెరికా యూదు సమాఖ్యలు తమ అత్యవసర నిధికి 80 కోట్ల డాలర్లకు పైగా సేకరించాయి. విదేశీ ప్రభుత్వాలు స్వచ్ఛంద సంస్థలకిచ్చే సొమ్ముపై 80 శాతం పన్ను వేసే బిల్లుకు 2025 ఫిబ్రవరిలో ఇజ్రాయెల్ పార్లమెంటు నెస్సెట్ ప్రాథమిక ఆమోదం తెలిపింది. ఆ బిల్లు కూడా ప్రైవేటు ప్రవాస దాతల జోలికి పోలేదు.