వరి వేళ్లలో నత్రజని బ్యాక్టీరియా: అపోహలు, వాస్తవాలు

అపోహ: వేళ్లకు బుడిపెలు లేకపోతే లోపల బ్యాక్టీరియా లేనట్టే.
వాస్తవం: వరికి బుడిపెలు రావు. పక్కవేరు పొడుచుకొచ్చే చోట తల్లివేరు పైపొర చీలుతుంది. గాలిలోని నత్రజనిని పట్టే హెర్బాస్పైరిల్లం, అజోఆర్కస్ లాంటి బ్యాక్టీరియా ఆ సందులోంచి దూరి, కణాల మధ్య ఖాళీల్లో, గాలి గదుల్లో కాపురముంటాయి. వేరుశనగలోకి రైజోబియం (బుడిపెలు కట్టించే బ్యాక్టీరియా) దూరేదీ ఇలాంటి చీలికలోంచే. అక్కడ బుడిపె కడుతుంది, వరిలో కట్టదు.

అపోహ: జీవన ఎరువు (బతికున్న బ్యాక్టీరియా ఉన్న ఎరువు) వేస్తే యూరియా మానేయొచ్చు.
వాస్తవం: కుదరదు. 45 కిలోల యూరియా బస్తాలో దాదాపు 20.7 కిలోల నత్రజని ఉంటుంది. బ్యాక్టీరియా పట్టిన నత్రజనిలో ఎక్కువభాగం తన ఒంటికే వాడుకుంటుంది, పైరుకు దక్కేది కొంతే. కనిపించే లాభంలో చాలావరకు అది విడుదల చేసే హార్మోన్ల వల్ల వేళ్లు బాగా పెరగడమే. అలాగని దండిగా యూరియా చల్లినా నష్టమే: అమ్మోనియం అందుబాటులో ఉంటే నత్రజనిని పట్టే ఎంజైమ్ నైట్రోజినేజ్ తయారీయే ఆగిపోతుంది.

అపోహ: మందు, జీవన ఎరువు కలిపి విత్తనానికి పట్టిస్తే ఒకే పనితో అయిపోతుంది.
వాస్తవం: ఎక్కువగా చెడేది ఇక్కడే. శిలీంధ్రనాశిని ముందు పట్టించి ఆరనివ్వాలి, బ్యాక్టీరియాను చివర్లో. అంతకంటే నారు వేళ్లు ముంచడం మేలు. ఎకరానికి అజోస్పైరిల్లం అనే నత్రజని బ్యాక్టీరియా 200 గ్రాముల పొట్లాలు రెండు, 16 లీటర్ల నీళ్లు. మట్టి కడిగిన వేళ్లను నీడలో 15–30 నిమిషాలు ఉంచి వెంటనే నాటాలి. క్లోరిన్ కలిపిన కుళాయి నీళ్లు వద్దు. పొట్లం మీద గడువు చూడండి. గ్రాముకు కనీసం 5 కోట్ల బతికున్న కణాలుండాలన్నది ప్రమాణం, ఎండలో పడేసిన సరుకులో అవి నిలవవు.

అపోహ: అడవి వరిలో దొరికిన బ్యాక్టీరియా మన వరిలోనూ అంతే పనిచేస్తుంది.
వాస్తవం: రకం మారితే స్థిరపడే తీరూ మారుతుంది. ఒరైజా అఫిసినాలిస్ అనే అడవి వరిలో దొరికిన హెర్బాస్పైరిల్లం, ఆ వరి మొలకల్లో గాలి నత్రజనిని పట్టిందని నత్రజని-15 (ఆనవాలుగా వాడే బరువైన నత్రజని)తో తేలింది. సాగువరి సంగతి విడిగా తేల్చుకోవాలి.

అపోహ: ఎసిటిలీన్ పరీక్షలో ఇథిలీన్ కనిపిస్తే చాలు.
వాస్తవం: నైట్రోజినేజ్ ఎసిటిలీన్‌ను ఇథిలీన్‌గా మారుస్తుంది, అందుకే ఇథిలీన్‌ను దాని పనికి గుర్తుగా చూస్తారు. కానీ వేళ్లు తామే ఇథిలీన్ వదులుతాయి. ఎసిటిలీన్ వేయని సీసా ఒకటి పక్కన పెట్టకపోతే లెక్క తప్పుతుంది. లోపలి బ్యాక్టీరియానే పెంచాలంటే వేరు ఉపరితలం శుద్ధి చేశాక చివరి కడుగునీళ్లను కూడా బ్యాక్టీరియా పెంచే ప్లేటు మీద పోసి చూడాలి. అందులో బ్యాక్టీరియా మచ్చలు లేస్తే, మీరు పెంచింది లోపలి బ్యాక్టీరియా అని చెప్పలేరు. నత్రజని లేని మెత్తటి జెల్లీలోనైతే ఉపరితలం కింద కొన్ని మిల్లీమీటర్ల లోతున తెల్లటి పొర కడుతుంది, జెల్లీలో కలిపిన రంగు ఆకుపచ్చ నుంచి నీలానికి తిరుగుతుంది. గొట్టాన్ని కదిపితే ఆ పొర చెదిరి ఆక్సిజన్ తగులుతుంది, పరీక్ష మళ్లీ మొదటికొస్తుంది.