ఆపిల్ "పై" (pie) పడుతుంది, పచ్చి ఆపిల్ పడదు, మరి పల్లీల సంగతేంటి?

న్యూజెర్సీలో ఉండే ఒకావిడ అడిగిన ప్రశ్న ఇది. సెప్టెంబర్ చివర నుంచి వాళ్ళింట్లో అన్నీ వరసపెట్టి వస్తాయట, ఆపిల్ తోటలకి వెళ్ళడం, బతుకమ్మ, దసరా, హాలోవీన్, దీపావళి. పెద్దమ్మాయికి తోటలో కోసిన ఆపిల్ కొరికితే నోరంతా దురద, పెదాలు చిమచిమలాడతాయి, అవే ఆపిల్స్‌తో పై (ఆపిల్ ముక్కలు పెట్టి ఓవెన్లో కాల్చే వంటకం) చేస్తే రెండు ముక్కలు తిన్నా ఏమీ కాదు. చిన్నవాడికి పల్లీలు పడవు, డాక్టర్ టెస్టులు చేసి మరీ చెప్పారు, ఎక్కడికెళ్ళినా బ్యాగులో ఎపినెఫ్రిన్ ఇంజెక్షన్ (గట్టి అలర్జీ వస్తే వెంటనే ఇచ్చే మందు) ఉండాల్సిందే. పండగకని కరీంనగర్ నుంచి వచ్చిన వాళ్ళత్తగారు "పచ్చి ఆపిల్ పడనిదానికి ఉడికితే పడుతుంది కద, అట్లనే పల్లీలు కూడా మెత్తగ ఉడకబెట్టి రెండు గింజలు పెట్టి చూద్దాం బిడ్డా, సద్దుల బతుకమ్మ నాడు పిలగానికి పల్లీల్లేని పులిహోర ఏంది" అన్నారట. అత్తయ్య చెప్పిందాంట్లో తప్పేంటో నాకూ అర్థం కాలేదండీ, కానీ భయం వేసి ఆపేశాను, మీరు చెప్పండి అని రాశారు.

ఆపి మంచిపని చేశారు. అయితే ఆ పెద్దావిడ ఆలోచన మాత్రం నాకు చాలా నచ్చింది, ఎందుకంటే ఆవిడ అడిగింది దాదాపు వందేళ్ళుగా అలర్జీ శాస్త్రవేత్తలు అడుగుతున్న ప్రశ్నే. వండితే అలర్జీ పోతుందా?

అలర్జీ అంటే ఏంటి, హిస్టమిన్ ఏం చేస్తుంది ఇవన్నీ ఎక్కడైనా దొరుకుతాయి, వదిలేస్తున్నా. మనకి కావాల్సింది ఒక్కటే. అలర్జీ ఉన్నవాళ్ళ ఒంట్లో ఐజీఈ అనే యాంటీబాడీలు మాస్ట్ కణాలనే రక్షణ కణాల మీద కూర్చుని ఉంటాయి, ఒక్కో యాంటీబాడీ ప్రోటీన్ మొత్తాన్ని చూడదు, దాని మీద ఒక చిన్న ముక్కని మాత్రమే గుర్తుపడుతుంది. ఆ ముక్క పేరు ఎపిటోప్. ఒకే ప్రోటీన్ అణువు పక్కపక్కనున్న రెండు యాంటీబాడీలకి ఒకేసారి చిక్కి వాటిని కలిపితేనే మాస్ట్ కణం పేలుతుంది, అలర్జీ మొదలవుతుంది.

ఇప్పుడు ఒక చీర తీసుకోండి. ప్రోటీన్ అంటే అమైనో ఆమ్లాలు వరసగా అల్లిన పొడుగాటి చీర, మన కణాలు దాన్ని కుచ్చిళ్ళు పెట్టి మడతపెడతాయి. చీర మీద డిజైన్ రెండు రకాలుగా ఉండొచ్చు. ఒకటి, పువ్వులో సగం ఒక చోట, మిగతా సగం రెండు గజాల అవతల ఉంటుంది, కుచ్చిళ్ళు పెట్టినప్పుడు ఆ రెండు సగాలూ పక్కపక్కకి వచ్చి నిండు పువ్వు కనపడుతుంది, చీర విప్పేస్తే ఆ పువ్వు ఇక లేదు. రెండోది, బట్టమీదే ఒక చోట అచ్చేసిన బుటా, చీర మడతపెట్టినా విప్పినా నలిపినా ఆ బుటా అక్కడే ఉంటుంది. ఐజీఈ కొందరిలో కుచ్చిళ్ళ పువ్వుని గుర్తుపడుతుంది, కొందరిలో అచ్చు బుటాని, చాలామందిలో రెండిట్నీ. పొయ్యి వేడి చేసేది కుచ్చిళ్ళు విప్పడం. అంతే, చీరని కాల్చెయ్యదు. కాబట్టి వండితే అలర్జీ పోతుందా అన్నదానికి జవాబు, ఆ పిల్లవాడి యాంటీబాడీ దేన్ని చూస్తోంది, ఆ ప్రోటీన్ కుచ్చిళ్ళు ఎంత గట్టిగా ఉన్నాయి అన్నదాని మీద ఉంటుంది.

(ఇంటర్మీడియట్‌లో మనకి కోడిగుడ్డు ఉడికించి చూపించి "డీనేచురేషన్, ప్రోటీన్ పని చెయ్యదు" అని రాయించి పరీక్షకి పంపిస్తారు. పని చెయ్యకపోవడం వేరు, గుర్తుపట్టలేకపోవడం వేరు, ఈ రెండో మాట ఒక్క వాక్యంలో చెప్పినా ఎంతమంది అమ్మలకి పనికొచ్చేదో అనిపిస్తుంది నాకు.)

పెద్దమ్మాయి ఆపిల్ సంగతి చూద్దాం. ఈ అలర్జీ చాలామందిలో నిజానికి ఆపిల్‌ది కాదు, బర్చ్ చెట్టు పుప్పొడిది. అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లో, యూరప్‌లో వసంతకాలంలో గాలినిండా బర్చ్ పుప్పొడి ఉంటుంది, అందులో బెట్ వి 1 అనే ప్రోటీన్ మీద ఐజీఈ తయారవుతుంది. ఆపిల్‌లో ఉండే మాల్ డి 1 దానికి చుట్టం, దాదాపు అదే మడత. ఆ అమ్మాయి ఐజీఈ చూసేది కుచ్చిళ్ళ పువ్వుని. ఆపిల్ ఉడికితే కుచ్చిళ్ళు ఊడిపోతాయి, పువ్వు మాయం, పై హాయిగా తినొచ్చు. అందుకే అమ్మాయికి ఏప్రిల్‌లో తుమ్ములు కూడా వస్తాయా అని ఆవిడని అడిగాను, వస్తాయన్నారు. కానీ ప్రతి ఆపిల్ అలర్జీ ఇలాగే ఉండదు, మధ్యధరా తీరంలో ఎక్కువగా కనిపించే ఇంకో రకం ఉంది, దాంట్లో మాల్ డి 3 అనే ప్రోటీన్‌ది పాత్ర, అది ఉడికినా లెక్కచెయ్యదు. కాబట్టి దురద నోటితో ఆగకుండా ఒళ్ళంతా దద్దుర్లు, వాంతులు, ఆయాసం వస్తే పైతో ప్రయోగాలు వద్దు, డాక్టర్ దగ్గరికే.

కోడిగుడ్డు ఇంకా బాగుంటుంది, ఒకే తెల్లసొనలో రెండు రకాలూ ఉన్నాయి. సగానికి పైగా ఉండేది ఓవాల్బ్యుమిన్, వేడికి కుచ్చిళ్ళు విప్పేసుకుంటుంది. పదో వంతు మాత్రమే ఉండే ఓవోమ్యూకాయిడ్ మాత్రం మొండిది. కారణం పిన్నీసులు! దాంట్లో తొమ్మిది డైసల్ఫైడ్ బంధాలున్నాయి, అంటే సిస్టీన్ అనే అమైనో ఆమ్లాల్లోని గంధకం పరమాణువులు రెండేసి జతకట్టి మడతని అక్కడక్కడా పిన్నీసు పెట్టినట్టు పట్టి ఉంచుతాయి, పది నిమిషాలు ఉడకబెట్టినా పిన్నీసులు ఊడవు. గుడ్డు అలర్జీ ఉన్న పిల్లల్లో సుమారు 70 శాతం మంది ఆమ్లెట్ తింటే దద్దుర్లొచ్చినా ఓవెన్లో బాగా కాలిన కేక్ తినగలుగుతారు, వాళ్ళ ఐజీఈ ఎక్కువగా ఓవాల్బ్యుమిన్‌ని చూసేది అన్నమాట. ఓవోమ్యూకాయిడ్ మీద ఐజీఈ గట్టిగా ఉన్న పిల్లలకి కేక్ కూడా ప్రమాదమే. ఇంకో మాట, కేక్‌లో గోధుమపిండి ఉండటం కూడా ముఖ్యం, గోధుమలోని గ్లూటెన్ గుడ్డు ప్రోటీన్లని తన వలలో బిగించేసి బయటికి రానివ్వదు. అందుకని గోధుమపిండి తీసేసి బియ్యప్పిండితో గుడ్డు కేక్ చేసి, ఇదీ అదీ ఒకటే కదా అనుకోకూడదు.

పాలల్లో కేసీన్ అసలు కుచ్చిళ్ళే పెట్టని చీర. విప్పడానికి ఏముంది? పాలకోవా కోసం గంటల తరబడి మరిగించినా కేసీన్ బుటాలు అలాగే ఉంటాయి. నెయ్యిలో పాల ప్రోటీన్ చాలా తక్కువ, కానీ సున్నా కాదు, పాల అలర్జీ గట్టిగా ఉన్న పిల్లలకి "నెయ్యే కదా" అని వెయ్యకండి.

ఇక పల్లీలు. అసలు విషయం ఇక్కడుంది.

పల్లీలో చాలా ప్రోటీన్లున్నాయి, ప్రాణం మీదకి తెచ్చే రియాక్షన్లలో ఎక్కువగా కనిపించేవి అరా హెచ్ 2, అరా హెచ్ 6. ఇవి 2ఎస్ ఆల్బ్యుమిన్లు అనే చిన్న, బిగుతైన ప్రోటీన్ల కుటుంబం. అరా హెచ్ 2కి నాలుగు పిన్నీసులు, అరా హెచ్ 6కి అయిదు. కడుపులో ప్రోటీన్లని అరిగించే పెప్సిన్ కూడా వీటిని ఒక పట్టాన కొరకలేదు. దానికి తోడు అరా హెచ్ 2 బట్టమీద అచ్చు బుటా కూడా ఉంది, అస్పార్టిక్ ఆమ్లం, ప్రోలిన్, టైరోసిన్, సెరీన్, ప్రోలిన్, సెరీన్, ఈ ఆరింటి వరస ఒకటికంటే ఎక్కువ చోట్ల మళ్ళీ మళ్ళీ వస్తుంది. ఇందాక చెప్పాను కదా, మాస్ట్ కణం పేలాలంటే ఒక అణువు రెండు యాంటీబాడీలకి చిక్కాలని, ఒకే బుటా రెండుసార్లు ఉంటే ఆ పని ఎంత తేలికో చూడండి. కుచ్చిళ్ళు ఊడినా యాంటీబాడీలు గుర్తుపడతాయి, అసలు ఆ కుచ్చిళ్ళు ఊడనే ఊడవు. అత్తయ్యగారి లెక్క ఆపిల్‌కి సరిపోయి పల్లీకి సరిపోకపోవడానికి కారణం ఇదే.

వేయిస్తే ఇంకా ఘోరం. పొడి వేడిలో పల్లీలోని చక్కెరలు ప్రోటీన్‌లోని లైసిన్ అనే అమైనో ఆమ్లానికి అతుక్కుంటాయి, 1912లో మయార్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త వివరించిన చర్య ఇది, వేయించిన పల్లీల కమ్మటి వాసన, ఆ రంగు దాని చలవే. ఆ అతుకులు చీర మీద కొత్త డిజైన్లయి కూర్చుంటాయి. 2000లో సొహైలా మలేకీ బృందం ల్యాబ్‌లో చూస్తే వేయించిన పల్లీ ప్రోటీన్లకి ఐజీఈ పచ్చివాటికంటే సుమారు 90 రెట్లు ఎక్కువగా అతుక్కుంది. బెల్లం పాకంలో కలిపితే ఈ డిజైన్లు చెరిగిపోతాయేమో అని పల్లీపట్టీ గురించి ఆశపడక్కర్లేదు.

మరి ఉడకబెడితే? ఉడికించిన పల్లీలో అలర్జీ తగ్గుతుంది, ఇది నిజం. 2001లో న్యూయార్క్ మౌంట్ సినాయ్ వైద్య కళాశాల శాస్త్రవేత్తలు చూపించారు, చైనాలో పల్లీలు బోలెడు తింటారు కానీ ఎక్కువగా ఉడకబెట్టో నూనెలో వేయించో తింటారు, అమెరికాలో పొడిగా వేయిస్తారు, పల్లీ అలర్జీ అమెరికాలో ఎక్కువగా ఉండటానికి ఇదొక కారణం కావచ్చు అన్నారు. తగ్గేది ఎలాగంటే, ఈ చిన్న ప్రోటీన్లు గింజలోంచి ఉడికే నీళ్ళలోకి దిగిపోతాయి, కుచ్చిళ్ళు విప్పడం కంటే చీర కొట్టుకుపోవడం ఎక్కువ అన్నమాట. అంటే ఆ నీళ్ళు ప్రమాదం, గింజలో మిగిలింది కూడా సున్నా కాదు. ఆస్ట్రేలియాలో దీన్నే చికిత్సగా వాడి చూశారు, 2023లో ఫలితాలు వచ్చాయి, పల్లీ అలర్జీ ఉన్న 70 మంది పిల్లలకి ముందు 12 గంటలు ఉడికించినవి, తర్వాత 2 గంటలు ఉడికించినవి, ఆ తర్వాత వేయించినవి, కొంచెం కొంచెంగా పెంచుతూ నెలల తరబడి ఇచ్చారు, 56 మంది తట్టుకోగలిగారు. ఇది పూర్తిగా డాక్టర్ల పర్యవేక్షణలో, కొలిచిన మోతాదుల్లో జరిగింది, అయినా మధ్యలో చాలామందికి రియాక్షన్లు వచ్చాయి. మన కుక్కర్ మూడు విజిల్స్‌కీ ఆ 12 గంటలకీ పోలికే లేదు.

వండితే అలర్జీ పెరగడం కూడా ఉంది. 1921లో జర్మనీలో హైన్జ్ క్యూస్ట్నర్ అనే డాక్టర్‌కి చేప పడేది కాదు, ఆయన రక్తం సీరమ్‌ని ప్రౌస్నిట్జ్ అనే ఆయన తన సొంత చర్మంలోకి ఎక్కించుకుని, మర్నాడు అక్కడే చేప సారం పొడిచి చూస్తే దద్దురు లేచింది. అలర్జీ రక్తంలో తిరుగుతుందని చూపించిన పేరుపొందిన ప్రయోగం అది. ఐజీఈని కనిపెట్టడానికి ఇంకో 45 ఏళ్ళు పట్టింది. నాకు ఇష్టమైన సంగతేంటంటే, క్యూస్ట్నర్‌కి పడనిది వండిన చేప, పచ్చి చేప కాదు.

"రెండు గింజలు పెట్టి చూద్దాం, అలవాటవుతుంది" అన్న మాట గురించి కూడా చెప్పాలి, అందులో సగం నిజం ఉంది కాబట్టే అది ప్రమాదం. 2015లో లండన్‌లో గిడియన్ లాక్ బృందం 640 మంది పసివాళ్ళ మీద చేసిన లీప్ అధ్యయనంలో, అలర్జీ వచ్చే అవకాశం ఎక్కువున్న పిల్లలకి 4 నుంచి 11 నెలల మధ్యే పల్లీ తినిపించడం మొదలుపెడితే అయిదేళ్ళ వయసుకి అలర్జీ 81 శాతం తగ్గింది. కానీ అది అలర్జీ ఇంకా రానివాళ్ళ సంగతి. వచ్చేశాక ఇంట్లో గింజలు లెక్కపెట్టి అలవాటు చెయ్యడం కాదు. అలాగే దద్దుర్లు లేస్తే దిష్టి అనో వేడి చేసిందనో గొంగడితో రుద్దుతూ కూర్చుంటే ఇంజెక్షన్ ఇవ్వాల్సిన నిమిషాలు పోతాయి, పైగా రుద్దితే దురద పెరుగుతుంది.

వంటింట్లోకి వద్దాం. బతుకమ్మ నైవేద్యాలు చూస్తే పల్లీ అక్కర్లేనివే ఎక్కువ, అటుకులు, ముద్దపప్పు, నానబియ్యం, అట్లు, బియ్యప్పిండితో వేపకాయలు, మలీద. నువ్వులు మొదటిరోజూ ఎనిమిదోరోజు వెన్నముద్దల్లోనూ చివరిరోజు నువ్వులన్నంలోనూ వస్తాయి. నువ్వుల్లో అలర్జీ తెచ్చే సెస్ ఐ 1 అనే ప్రోటీన్ కూడా 2ఎస్ ఆల్బ్యుమినే, అవే పిన్నీసులు, వేయించి పొడి కొట్టి బెల్లం కలిపినా ఏమీ మారదు. అమెరికాలో 2021లో ఫాస్టర్ చట్టం వచ్చి 2023 జనవరి 1 నుంచి నువ్వుల పేరు లేబుల్ మీద తప్పనిసరి అయ్యింది. నువ్వులు పడని పిల్లలకి గుమ్మడి గింజలు వేయించి బెల్లంతో ఉండలు చుట్టండి, హాలోవీన్‌కి గుమ్మడికాయ తొలిచినప్పుడు ఎలాగూ గిన్నెడు గింజలు వస్తాయి (గుమ్మడి గింజలు కూడా పడనివాళ్ళు అరుదుగా ఉంటారు, మొదటిసారైతే డాక్టర్‌ని అడిగి పెట్టండి). కొబ్బరన్నం గురించి చాలామంది భయపడతారు, జీడిపప్పు, బాదం లాంటి నట్స్ లిస్టులోంచి కొబ్బరిని అమెరికా ఎఫ్‌డీఏ (ఆహారం, మందుల నియంత్రణ సంస్థ) 2025 జనవరిలో తీసేసింది, కొబ్బరి అలర్జీ విడిగా ఉంటే తప్ప పల్లీ పడదని కొబ్బరి మానక్కర్లేదు.

నూనె దగ్గర జాగ్రత్త. బాగా రిఫైన్ చేసిన పల్లీనూనెలో ప్రోటీన్ దాదాపు ఉండదు, ఇప్పుడు అందరూ మోజుపడుతున్న గానుగ నూనెలో ఉంటుంది, మామూలువాళ్ళకి మంచిదే కావచ్చు, ఈ పిల్లాడికి కాదు. పల్లీపొడి కొట్టిన మిక్సీ జార్, పల్లీలు వేయించిన మూకుడు, నువ్వులు కూడా పడకపోతే నువ్వుల గారెలు వేసిన నూనె, ఇవన్నీ పిల్లాడి వంటకి వేరుగా ఉండాలి, లేదా వాడివి ముందు చేసి మూతపెట్టేయాలి.

పులిహోరలో పల్లీల బదులు జీడిపప్పు వేసేద్దాం అనుకుంటారు, జీడిపప్పులో కూడా అదే కుటుంబం ప్రోటీన్ ఉంది, పల్లీ పడని పిల్లల్లో కొందరికి అదీ పడదు, టెస్టు చేయించకుండా వద్దు. పుట్నాలు మంచి ఆలోచనే, కానీ మన దగ్గర బట్టీల్లో పల్లీలూ పుట్నాలూ పక్కపక్కనే వేగుతాయి, కాబట్టి ఊర్నించి తెచ్చిన విడి పుట్నాలు వద్దు. అమెరికా ప్యాకెట్ల మీద "పల్లీలు కలిసి ఉండవచ్చు" అని రాయడం కంపెనీల ఇష్టం, తప్పనిసరి కాదు, ఆ మాట లేనంత మాత్రాన కలవలేదని అర్థం కాదు, కంపెనీకి ఫోన్ చేసి అడగాల్సిందే. నేనైతే ఆవిడకి చెప్పింది ఇది, పిల్లాడు ఇప్పటికే రోజూ పప్పులు తింటున్నాడు కాబట్టి ఇంట్లో వాడే శనగపప్పునే గంట నానబెట్టి, బట్టమీద ఆరబెట్టి, కొత్త నూనెలో కరకరలాడేలా వేయించి పులిహోరలో చివర్న కలపండి, పంటికింద పల్లీలాగే తగులుతుంది.