ఓరకంట చూస్తేనే కనిపిస్తుంది

పిల్లలూ,

మొన్న వీడియో కాల్‌లో మీరు చూపించిన ఆండ్రోమెడా గెలాక్సీ ఫోటో బాగుంది. చుట్టూ నీలం చుట్లు, మధ్యలో గుడ్డుసొనలా పచ్చటి వెలుగు. "తాతయ్యా, ఇది మామూలుగా కంటికి కనిపిస్తుందా?" అని అడిగారు, ఈలోగా సిగ్నల్ పోయింది. కనిపిస్తుంది. కాకపోతే ఆ ఫోటోని బుర్రలో పెట్టుకుని మేడెక్కితే "ఓస్, ఇంతేనా" అని మొహం వేలాడేసుకుని దిగిపోతారు. నా సంగతే చెప్తాను, మొదటిసారి బైనాక్యులర్స్‌లో దాన్ని చూసినప్పుడు అద్దానికి మంచు పట్టిందనుకుని పంచె చెంగుతో రెండుసార్లు తుడిచాను. మూడోసారీ ఆ మసక అక్కడే ఉండేసరికి అప్పుడు తెలిసింది, నేను తుడిచేద్దామనుకున్నది గెలాక్సీనని!

కార్తీక అమావాస్యకి ఎలాగూ వస్తున్నారు కాబట్టి అప్పుడే చూద్దాం. దీపావళి అమావాస్య కూడా చీకటే గానీ ఆకాశమంతా టపాకాయల పొగ. ఈ అమావాస్యకి ఆ బాధ ఉండదు, పైగా రాత్రి ఎనిమిది, తొమ్మిది మధ్య ఆండ్రోమెడా బాగా ఎత్తులో ఉంటుంది. మీ హైదరాబాద్ ఫ్లాట్ మీద నుంచి చూద్దామంటే కష్టం, వీధిలైట్ల వెలుగు ఆకాశానికి సున్నం కొట్టినట్టు ఉంటుంది. బేగంపేటలో నిజామియా అబ్జర్వేటరీ ఉండగానే ఉస్మానియా యూనివర్సిటీ వాళ్ళు 48 అంగుళాల టెలిస్కోపుని ఊరికి దూరంగా జపాల్-రంగాపూర్‌లో పెట్టుకున్నారు, చీకటి అంత ముఖ్యం మరి.

మేడ మీద ఉత్తరం వైపు తిరిగి నిలబడండి. దాదాపు సగం ఎత్తులో ఐదు చుక్కలు ఇంగ్లీషు ఎమ్ అక్షరంలా కనిపిస్తాయి, అదే కాసియోపియా. ఆ ఎమ్‌కి పైన రెండు కొనలుంటాయి కదా, వాటిలో ఎడమ కొనను పట్టుకోండి. చెయ్యి చాచి పిడికిలి బిగించి, ఆ కొన నుంచి తిన్నగా పైకి ఒకటిన్నర పిడికిలి కొలవండి. అక్కడే. ఇంకో దారి నడినెత్తి నుంచి. అక్కడ నాలుగు చుక్కల పెద్ద చదరం ఉంటుంది, పంచాంగంలో మీరు వినే పూర్వాభాద్ర, ఉత్తరాభాద్ర రెండూ కలిస్తేనే ఆ చదరం. దాని ఈశాన్య మూల చుక్క నుంచి ముందుకెళ్తే మొదట ఒక నీరసం చుక్క, తర్వాత కొంచెం ఎర్రగా ఉండే మిరాక్ వస్తాయి. మిరాక్ దగ్గర కాసియోపియా వైపు మలుపు తిరిగి రెండు చిన్న చుక్కలు దాటితే రెండో దాని పక్కనే మన మసక. నాకు ఎమ్ దారే సులువు, మీ నాయనమ్మకి మాత్రం చదరమే నచ్చుతుంది, ఉత్తరాభాద్ర ఆవిడ నక్షత్రం కాబట్టి.

ఇప్పుడు అసలు కిటుకు. మేడెక్కాక కనీసం ఇరవై నిమిషాలు ఫోన్ ముట్టుకోకూడదు. కళ్ళు చీకటికి మెల్లగా అలవాటుపడతాయి, ఒక్కసారి స్క్రీన్ చూశారా, మళ్ళీ మొదటికే. టార్చికి ఎర్ర సెల్లోఫేన్ కాగితం కడతాను. అలవాటుపడ్డాక కూడా ఆ చోటుని గుచ్చి గుచ్చి చూస్తే ఏమీ ఉండదు! కాస్త పక్కనున్న చుక్క మీద చూపు నిలిపి, దీన్ని ఓరకంట చూడాలి. కంటి వెనక తెరకి నడిమధ్యన ఉండే కణాలు రంగుల్నీ అక్షరాల్నీ పట్టడానికి పనికొస్తాయి, చీకట్లో అవి దండగ. గుడ్డి వెలుతురుని పట్టే కణాలు వాటి చుట్టూ ఉంటాయి. వాటికి రంగులు తెలియవు, అందుకే మనకది బూడిదరంగులోనే కనిపిస్తుంది. కెమెరా అయితే గంటల తరబడి వెలుగు పోగేసుకుంటుంది, మన కంటికి ఆ సౌకర్యం లేదు.

నిజానికి ఆ గెలాక్సీ ఆకాశంలో ఆరు పున్నమి చందమామల్ని వరసగా పేర్చినంత పొడుగు. మనకి కంటికి ఆనేది నడిమి ముద్ద మాత్రమే. నా 10×50 బైనాక్యులర్స్‌లో చూస్తే ఆ ముద్దకి రెండు పక్కలా కొంచెం సాగినట్టు ఉంటుంది. చుట్లు కనిపించవు, ముందే చెప్తున్నా. పళ్ళేన్ని కంటి ఎత్తుకి పట్టుకుని అంచు వైపు నుంచి చూసినట్టు మనకది బాగా వాలి ఉంది.

పర్షియాలో అల్ సూఫీ అనే ఆయన 964లోనే దీన్ని చిన్న మబ్బు అని రాసిపెట్టాడు. ఆ మబ్బు ఎంత దూరంలో ఉందో తేలడానికి ఇంకో తొమ్మిది వందల యాభై ఏళ్ళు పైనే పట్టింది. మన సూర్యుడుండే గెలాక్సీ పాలపుంత, ఈ మబ్బు అందులోదే అని కొందరు, కాదు, బయటిదని కొందరు పెద్ద గొడవ. 1923 అక్టోబరులో కాలిఫోర్నియాలోని మౌంట్ విల్సన్ మీద ఎడ్విన్ హబుల్ 100 అంగుళాల టెలిస్కోపుతో దీన్ని గాజు పలక మీద ఫోటో తీశాడు. అందులో ఒక చుక్కని నోవా, అంటే ఉన్నట్టుండి భగ్గుమని తర్వాత మసకబారే చుక్క, అనుకుని పక్కన ఎన్ అని రాసుకున్నాడు. పాత పలకలతో పోల్చి చూస్తే అది వెలుగుతూ తగ్గుతూ మళ్ళీ వెలుగుతోంది, ఒక్కో విడత సుమారు 31 రోజులు. ఎన్ కొట్టేసి, వెలుగు మారే చుక్క అని ఆశ్చర్యార్థకం పెట్టి మరీ రాశాడు. ఇలాంటి చుక్క ఎంత నెమ్మదిగా మారితే దాని అసలు వెలుగు అంత ఎక్కువని హెన్రియెటా లెవిట్ 1912లోనే కనిపెట్టింది. అసలు వెలుగు తెలిసి, మనకి కనిపించే వెలుగు తెలిస్తే దూరం లెక్కగట్టొచ్చు. దూరంగా కనిపిస్తున్న బల్బు నలభై వాట్లదని తెలిస్తే ఎంత దూరంలో ఉందో చెప్పినట్టు. వెలుగు ఏడాదిలో వెళ్ళే దూరం ఒక కాంతి సంవత్సరం. హబుల్ లెక్కకి 9 లక్షల కాంతి సంవత్సరాలు వచ్చింది, తప్పే, అసలు దూరం సుమారు 25 లక్షలు. అయినా అది పాలపుంత బయటిదని తేలడానికి ఆ తప్పు లెక్కే సరిపోయింది. ఇందులో లెవిట్ పేరు ఎవరూ చెప్పరు, నాకు అదే కోపం.

అంటే ఆ రాత్రి మీ కంట్లో పడే వెలుగు అక్కడ బయలుదేరేటప్పటికి భూమ్మీద మనలాంటి మనుషులే లేరు. ఇంకోటి, అది సెకనుకి సుమారు 110 కిలోమీటర్ల వేగంతో మన పాలపుంత వైపే వస్తోంది. టెన్షన్ పడకండి, వందల కోట్ల ఏళ్ళ తర్వాతి మాట, అప్పుడైనా గుద్దుకుంటాయా లేదా అన్నది శాస్త్రవేత్తలే ఇంకా తేల్చలేదు.

మంకీ క్యాపులు తెచ్చుకోండి, మంచు పడుతుంది. బైనాక్యులర్స్ ఒక్కటే ఉంది, వంతులు వేసుకోవాలి, చిన్నదానికే మొదటి వంతు. మరీ ఆలస్యం చేయొద్దు, పోలి పాడ్యమి అని తెల్లవారుజామున నాలుగింటికే మీ నాయనమ్మ లేపి అరటిదొప్పల్లో దీపాలు వదలడానికి కాలవ దగ్గరికి లాక్కెళ్తుంది.

మీ తాతయ్య