మైకు లేని గిటారు ఎంత దూరం వినిపిస్తుంది?

రాయగడ నుంచి ఒక యువ పాఠకుడు ఉత్తరం రాశాడు. తెలుగు, ఒడియా మిత్రులు కలిసి అక్కడ ఒక చిన్న హాలులో పాటల సాయంత్రాలు జరుపుకుంటారట. ఇతను మైకు పెట్టుకోకుండా మామూలు చెక్క గిటారు మీద అమెరికా నల్లజాతివారి సంగీతమైన బ్లూస్ వాయిస్తాడు. జనం చప్పట్లు కొడతారు, కేకలు వేస్తారు, కబుర్లలో పడతారు. "నాలుగో వరుస దాటితే నా గిటారు వినిపించడం లేదండీ. లావు తీగలు వేసుకోవాలా, ఇంకా గట్టిగా కొట్టాలా?" అని అడిగాడు. నాకెంతో ఇష్టమైన ప్రశ్న ఇది.

లావు తీగల సంగతి త్వరగా తేల్చేద్దాం. అంగుళంలో వెయ్యో వంతుల లెక్కన 12 మందం ఉన్న తీగ తీసి 13 వేసి, అదే శ్రుతికి బిగిస్తే బిగువు 17 శాతం పెరుగుతుంది. అంతే దూరం లాగి వదిలితే తీగలో చేరే శక్తి కూడా 17 శాతమే ఎక్కువ. డెసిబెల్స్‌లో అది 0.7. అంత గోలలో ఆ తేడా ఎవరికీ తెలియదు. రెట్టింపు దూరం లాగితే 6 డెసిబెల్స్ వస్తాయి కానీ తీగ మెట్లకు కొట్టుకుని జరజరమంటుంది. నాలుగు మీటర్ల దూరంలో ఉన్న శ్రోతకు రెండు మీటర్ల దగ్గరికి జరిగితే, నేరుగా చెవికి చేరే శబ్దంలో అదే 6 డెసిబెల్స్ శ్రమ లేకుండా దక్కుతాయి.

అసలు తీగ తనంతట తాను దాదాపు మూగది. అంత సన్నటి వస్తువు కదిలితే గాలి పక్కకు తప్పుకుంటుందే గానీ ఒత్తిడికి లోనుకాదు. శబ్దం పుట్టించేది తీగలు ఆనుకునే బ్రిడ్జి కింద ఉన్న పలక. తీగను నీళ్లు నింపిన కుండ అనుకోండి, బ్రిడ్జి దాని అడుగున చిల్లు. చిల్లు సన్ననిదైతే ధార పలచగా చాలాసేపు కారుతుంది, పెద్దదైతే భళ్లున వచ్చి ఆగిపోతుంది. కుండలో నీళ్లు మాత్రం రెండుసార్లూ అవే. 0.3 మిల్లీమీటర్ల అతి సన్నటి తీగ యాంత్రిక అవరోధం, అంటే కదలికకు అది ఎదురు నిలిచే కొలత, సెకనుకు పావు కిలో మాత్రమే, చెక్క పలకది దానికి ఎన్నో రెట్లు. అందుకే తరంగంలో అత్యధిక భాగం బ్రిడ్జిని తాకి వెనక్కి మళ్లుతుంది. చెక్క గిటారుది సన్నటి చిల్లన్నమాట.

1927 ప్రాంతంలో అమెరికాలో జాన్ డోపియేరా ఆ చిల్లును పెద్దది చేశాడు. పలకకు బదులు పలచటి అల్యూమినియం శంకువులు పెట్టి, నేషనల్ కంపెనీ పేరుతో రెజొనేటర్ గిటార్లు తెచ్చాడు. బ్లూస్ కళాకారులు సన్ హౌస్, బుకా వైట్ వాయించినవి ఇలాంటివే. స్వరం బిగ్గరగా పలుకుతుంది, త్వరగా ఆరిపోతుంది. గుణుపురం, పర్లాకిమిడి వైపు జముకు అనే వాద్యంతో చెప్పే జముకుల కథ విన్నవారికి ఈ గుణం పరిచయమే. జముకులో తీగ నేరుగా చర్మానికే తగిలించి ఉంటుంది. చర్మం తేలిక కాబట్టి మీటిన శక్తంతా ఒక్కసారిగా బయటపడుతుంది.

చిల్లు పెద్దదైనప్పుడు కుండను మళ్లీ మళ్లీ నింపాలి. బ్లూస్ వాద్యకారుడి బొటనవేలు మంద్రపు తీగల మీద ఆగకుండా తిరుగుతూ చేసే పని అదే. ఆడేవాళ్ల అడుగులు పట్టుకునేది కూడా ఆ దెబ్బనే. బ్లూస్ గాయకుడు రాబర్ట్ జాన్సన్ కూడలిలో దెయ్యానికి ఆత్మను అమ్మి ఈ విద్య సంపాదించాడని ఇప్పటికీ చెబుతారు. నాలుగు దారుల దగ్గర పారేసిన దిష్టి నిమ్మకాయను దాటడానికి జంకే మనకు ఆ కథ సులభంగా నచ్చుతుంది. కానీ అతని బొటనవేలు సాధనతో వచ్చింది. పిల్లలకు సంగీతం నేర్పేవారు ఆ దెయ్యం కథ పక్కనపెట్టి ఆ వేలిని చూపించాలని నా కోరిక.

ఖాళీ హాలులో సరిచూసుకుని మోసపోవద్దు. 1895లో హార్వర్డ్‌లో ప్రయోగాలు మొదలుపెట్టిన వాలెస్ సెబైన్, శబ్దాన్ని పీల్చే గుణాన్ని తెరిచిన కిటికీ వైశాల్యంతో కొలిచాడు, ఎందుకంటే దాని గుండా బయటికి పోయిన శబ్దం తిరిగి రాదు. ఆ లెక్కలో ఒక మనిషి సుమారు అర చదరపు మీటరు కిటికీ. నలభై మంది వస్తే 20 చదరపు మీటర్ల గోడ లేచిపోయినట్లే. ప్రతిధ్వని ఇచ్చే ఆసరా అక్కడితో పోతుంది.

అలాగని జనం గోలతో పోటీకి దిగితే ఓటమే. చుట్టూ శబ్దం పెరిగితే మనిషి తెలియకుండానే గొంతు పెంచుతాడని ఎటియెన్ లొంబార్ 1911లోనే చెప్పాడు. గిటారు పెరిగితే కబుర్లూ పెరుగుతాయి. పన్నెండు బార్ల బ్లూస్ నిర్మాణంలో దీనికి ఉపాయం ఉంది. బార్ అంటే ఒక తాళపు ఆవృత్తం. ప్రతి పంక్తికి నాలుగు బార్లు, ఆ పంక్తి పాడటం దాదాపు రెండింటిలో ముగుస్తుంది, మిగిలిన రెండూ గిటారువి. అప్పుడు వాద్యకారుడి గొంతు అతని గిటారుకు అడ్డురాదు. ఆ రెండు బార్లలో బ్రిడ్జికి దగ్గరగా మీటితే స్వరంలో కలిసి ఉండే హెచ్చు పౌనఃపున్యపు అంశాలు హెచ్చుతాయి. మన చెవి బాగా చురుకుగా ఉండేది 2000 నుంచి 5000 హెర్ట్జ్‌ల మధ్య, కబుర్ల బలమంతా దాదాపు 1000 లోపే. నాలుగో వరుస వెనక్కి చేరేది ఆ పదును.